ఉగాదికి కుండీలు జరుపుతాం



సింగపూర్‌లో లిటిల్ ఇండియా అని బోర్డుల మీద రాసి ఉండే పేటను అక్కడ ఉండేవాళ్లం తేక్కా అనే అంటాం. తేక్కా బజారు పక్కనే బఫెలో రోడ్డు. ఒకవైపు కూరగాయల దుకాణాలు, మధ్యమధ్య పూలమాలలు కట్టేవాళ్లు. మునక్కాయలు, అరటిపువ్వు, తమలపాకులు, మల్లెమొగ్గలు, ఏది కావాలన్నా లిఫ్టు దిగి నాలుగడుగులు వేస్తే చాలు. ఆ రోడ్డు పక్కన ఉన్న ప్రభుత్వ గృహాల బ్లాకుల్లోనే మా ఇల్లు. ఆరో అంతస్తు.

నేను కూరలు కొనే చోట ఒక తమిళ పెద్దాయన ఉంటారు. వంకాయలు కొన్నా, బెండకాయలు కొన్నా చివర్లో ఒక కరివేపాకు రెమ్మ ఊరికే సంచిలో వేస్తారు. ఒకరోజు నా గోళ్లలో మట్టి చూసి ఏం పని చేస్తున్నావమ్మా అని అడిగారు. కరివేపాకు మొక్కను పెద్ద కుండీలోకి మార్చానన్నాను. ఆయన నా ముఖం వంక చూసి, "నేను ఊరికే ఇచ్చేదానికి నీకు కుండీ ఎందుకమ్మా?" అన్నారు.

అప్పుడు నాకు జవాబు తోచలేదు. పదకొండేళ్లుగా ఆ కుండీల్లో బతికినవీ, చచ్చినవీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటే జవాబు దొరికింది. ఈ పూట అవే మీకు చెప్పాలని వచ్చాను.

తేక్కా అన్న పేరులోనే ఒక మొక్క ఉంది. హొక్కియెన్ అనే చైనా భాషలో ఆ మాటకు వెదుళ్ల మొదలు అని అర్థం చెబుతారు. పక్కన పారే రోచోర్ కాలువ గట్టున ఒకప్పుడు వెదురు పెరిగేది. మలయ్ భాషలో ఈ చోటుకు కందాంగ్ కెర్బావు అని పేరు. అంటే గేదెల దొడ్డి. నీళ్లూ గడ్డీ ఉన్న పల్లపు నేల గనుక పశువుల వ్యాపారం ఇక్కడ స్థిరపడింది. బఫెలో రోడ్డు, కెర్బావు రోడ్డు అన్న పేర్లు అలా వచ్చినవే. ఇప్పుడు ఆ వెదుళ్లు లేవు, దొడ్డి లేదు. మా బ్లాకులో ఎవరికైనా నేల అంటే కుండీలో పట్టినంతే.

నేను గుంటూరు జిల్లా పిల్లని. మా ఇంటి పెరట్లో బావి గట్టున బచ్చలి పందిరి, దొడ్డి గోడ వెంట గోంగూర, నీళ్లు పారే దారిలో అరటిచెట్లు ఉండేవి. మొక్కల పని నాకు తెలుసనుకుని సింగపూర్ వచ్చాను. వచ్చిన ఏడాదే కారిడార్‌లో తొమ్మిది కుండీలు పెట్టాను. మూడు నెలలు తిరిగేసరికి ఏడు పోయాయి.

పోవడానికి కారణం నా అలవాటే. మా ఊళ్లో మే నెలలో పొద్దునా సాయంత్రం నీళ్లు పోయకపోతే మొక్క వాడిపోతుంది. ఇక్కడ కూడా అలాగే రెండుపూటలా పోశాను. సింగపూర్ భూమధ్యరేఖకు కాస్త పైన, ఒక డిగ్రీ ఉత్తరాన ఉంది. ఏడాదిలో సుమారు 2,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాద్ వానకు అది రెండున్నర రెట్లు. వాన లేని రోజు కూడా గాలి నిండా తేమే. కుండీలో పోసిన నీరు ఆరదు, వేరుకు గాలి ఆడదు. ఆకు పసుపు పచ్చగా మారితే దాహమేమోనని ఇంకో చెంబు పోశాను. కొత్తిమీర మొదలు దగ్గర నల్లబడి పడిపోయింది. టమాటా వేరు కుళ్లింది. తులసి కొమ్మలు ఎండాయి. దాహంతో పోయిన మొక్క ఒక్కటి లేదు. అన్నీ నేను పోసిన నీళ్లతోనే పోయాయి.

ఆ తర్వాత రెండు పద్ధతులు పెట్టుకున్నాను. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో దించి, తడి తగిలితే ఆ పూట నీళ్లు పోయను. మట్టి కూడా మార్చాను. ఉత్త మట్టి ఇక్కడి తేమకు ముద్ద కడుతుంది. అందుకని ఒక పాలు మట్టి, ఒక పాలు కొబ్బరి పొట్టు, ఒక పాలు బాగా మాగిన ఎరువు, గుప్పెడు పెర్లైట్ కలుపుతాను. పిడికిట పట్టి వదిలితే విడిపోవాలి. అలా విడిపోయే మట్టిలో బచ్చలి వేస్తే పదిరోజులకోసారి పప్పులోకి ఆకు వస్తుంది. తోటకూర, పొన్నగంటికూర కూడా అంతే. ఈ తేమ వాటికి పుట్టిల్లు. కొత్తిమీరతో మాత్రం ఇప్పటికీ రాజీ కుదరలేదు. అది చలిని కోరుకునే మొక్క. మొలకెత్తి, నాలుగు ఆకులు వేసి, ఎండకు తాళలేక పూతకు వచ్చేస్తుంది. దాన్ని బజారులోనే కొంటాను.

ఇక ఎండ సంగతి. నేను అన్నిటికన్నా ముందుగా చెప్పాలనుకున్నది ఇదే.

మా కారిడార్ ఉత్తరం వైపు ఉంది. వంటింటి కిటికీ దక్షిణం వైపు. కారిడార్‌లో బెండమొక్కలు కొన్నాళ్లు బ్రహ్మాండంగా పెరిగేవి, ఉన్నట్టుండి నీరసించి, సన్నగా సాగి, కాపు ఆపేసేవి. ఎరువు చాలలేదనుకున్నాను, విత్తనం మంచిది కాదనుకున్నాను. ఒక ఏడాది అత్తయ్య మా దగ్గర రెండు నెలలు ఉండడానికి మార్చి నెలలో వచ్చారు. ఆవిడకు పొద్దున్నే గుమ్మంలో పీట వేసుకుని కూరలు తరగడం అలవాటు. ఉగాది దగ్గరపడ్డాక ఒకరోజు పిలిచారు.

"అమ్మాయ్, నేనొచ్చినప్పుడు ఎండ వంటింట్లోంచి వచ్చేది కదూ? ఇవాళ గుమ్మంలోంచి వస్తోందేం?"

అన్ని ఏళ్లు అక్కడే ఉండి నేను చూడనిది ఆవిడ మూడు వారాల్లో చూశారు. మన ఊళ్లలో సూర్యుడు ఏడాదిలో ఎక్కువ నెలలు నడినెత్తికి దక్షిణంగానే ఉంటాడు. అందుకే దక్షిణపు ఎండ అనే మాటకు మనకు ఒకే అర్థం. సింగపూర్‌లో మార్చి నాలుగో వారంలో సూర్యుడు సరిగ్గా తల మీదుగా దాటి ఉత్తరానికి వెళతాడు. సెప్టెంబర్ మూడో వారంలో మళ్లీ దాటి దక్షిణానికి వస్తాడు. ఉత్తరపు కారిడార్‌కు ఆర్నెల్లు, దక్షిణపు కిటికీకి ఆర్నెల్లు. మన పండగల్లో చెప్పుకుంటే ఉగాది నుంచి ఇంచుమించు దసరా దాకా గుమ్మం ముందు ఎండ, దసరా నుంచి ఉగాది దాకా వంటింట్లో ఎండ.

ఆ ఉగాది రోజున అత్తయ్యా నేనూ కలిసి బెండ, కాకర, మిరప కుండీలను కిటికీ దగ్గర నుంచి కారిడార్‌లోకి తెచ్చాం. నీడ చాలునన్న తమలపాకు తీగను లోపలికి పంపాం. ఆ ఏడాది బెండకాయలు వేపుడుకు సరిపడా కోశాం. ఇక్కడ ఏడాదంతా ఒకటే కాలమని అందరూ అంటారు, నేనూ అన్నాను. కుండీని జరిపిన నాటి నుంచి అనడం మానేశాను.

గోంగూర నేర్పిన పాఠం ఇంకొకటి. ఇంటి నుంచి దూరంగా ఉండే గుంటూరు మనిషికి గోంగూర మీద ఎంత మమకారమో నేను వేరే చెప్పనక్కర్లేదు. విత్తనం వేస్తే మొలిచింది, జానెడు ఎదిగింది, ఆకు కోద్దామనుకునే లోపు పూత పట్టింది. పూత పట్టాక ఆకు చిన్నదవుతుంది, కాండం ముదురుతుంది. మళ్లీ వేశాను, మళ్లీ అంతే.

కారణం రాత్రి నిడివిలో ఉంది. పగళ్లు కురచై రాత్రులు పొడుగైనప్పుడు పూతకు వచ్చే జాతి గోంగూర. మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటలు. అన్నాళ్లూ అది ఆకు మీదే ఉంటుంది, చలికాలం వచ్చే ముందు పూస్తుంది. సింగపూర్‌లో ఏడాది పొడవునా పగలు 12 గంటలకు కొద్ది నిమిషాలే ఎక్కువ. అతి పెద్ద పగటికీ, అతి చిన్న పగటికీ తేడా పది నిమిషాలు కూడా ఉండదు. ఎప్పుడు మొలిచినా దానికి పూసే కాలం వచ్చేసినట్టే తోస్తుంది.

ఇది తెలిశాక ఒక కుండీని రాత్రంతా వెలిగే కారిడార్ దీపం కిందకు జరిపాను. రాత్రి చీకటి తెగితే ఇలాంటి మొక్కలు పూత వాయిదా వేస్తాయి. ఆ కుండీలో ఆకు ఇంకొన్ని వారాలు కోసుకున్నాం. ఒక్క కుండీతో చేసినదాన్ని సిద్ధాంతమని చెప్పను. నాకు బాగా కుదిరిన మార్గం వేరే ఉంది. గోంగూరను మొక్కగా కాకుండా ఆకుకూరగా ఒత్తుగా చల్లుతాను. జానెడు కాగానే వేళ్లతో సహా పీకి పప్పులో వేస్తాను. నెలకోసారి కొత్త విత్తనం చల్లుతాను. పచ్చడి జాడీకి సరిపోదు గానీ నెలకు రెండుసార్లు పుల్లటి పప్పు ఖాయం. పూత పట్టిన కొమ్మల మీద కాయలు ముదరనిచ్చి విత్తనం దాచుకుంటాను. మన ఊరి నుంచి విత్తనం గానీ మొక్క గానీ తెచ్చుకునేవాళ్లు ముందు ఇక్కడి నేషనల్ పార్క్స్ బోర్డు నిబంధనలు చూసుకోవాలి. మట్టితో పాటు వచ్చే పురుగూ తెగులూ ఇంకొకరి పంటను తినగలవు.

పురుగులంటే కరివేపాకు గుర్తొస్తోంది. మూడేళ్ల మొక్క చిగురు వేసిన వారానికి ఆకుల మీద పిట్ట రెట్టల్లాంటివి కనిపించాయి. తుడవబోతే కదిలాయి. నిమ్మ జాతి మొక్కల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకల పిల్లలవి. చిన్నప్పుడు పిట్టలు తినకుండా రెట్టలా కనిపిస్తాయి, పెద్దయ్యాక ఆకు రంగుకు మారతాయి. ముట్టుకుంటే తల దగ్గర రెండు కొమ్ముల్లాంటివి బయటికి చాచి ఘాటైన వాసన వదులుతాయి. నాకు కోపం వచ్చింది, మా అమ్మాయికి ముచ్చటేసింది. చివరికి ఒక ఒప్పందం చేసుకున్నాం. రెండు పురుగులకు ఒక కొమ్మ, మిగిలిన మొక్క మాది. కొన్ని రోజులకు ఒకటి గూడు కట్టి, నల్లని రెక్కలతో బయటికి వచ్చి, కారిడార్ దాటి వెళ్లిపోయింది. బఫెలో రోడ్డు మీద ఊరికే వచ్చే రెమ్మలో ఈ సంబరం ఉండదు.

పిండినల్లికి, తెల్లదోమకు మాత్రం ఒప్పందం లేదు. తెల్లదోమ బెండ ఆకు ఈనెలను పసుపు పచ్చగా మార్చే వైరస్‌ను మోసుకొస్తుంది. ఆ తెగులు పట్టిన మొక్కకు మందు లేదు, పీకేయడమే. అంతదాకా రాకుండా లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా చల్లుతాను. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది.

ఇప్పుడు నా వల్ల జరిగిన ఒక తప్పు చెప్పాలి. తులసి కుండీ కింద నీళ్లు కారకుండా పళ్లెం పెట్టాను. ఒక వారం ఊరెళ్లి వచ్చి పళ్లెం ఎత్తితే నీళ్లలో సన్నని పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. దోమ లార్వాలు. సింగపూర్‌లో డెంగీ ఎంత పెద్ద సమస్యో 2020 చెప్పింది. ఆ ఏడాది 35,000కు పైగా కేసులు నమోదయ్యాయి. ఏడిస్ దోమకు చెరువూ గుంటా అక్కర్లేదు, ఇరవై సెంట్ల నాణెమంత నీరు చాలు. గుడ్డు నుంచి దోమ కావడానికి ఒక వారం చాలు. పక్కింట్లో చంటిబిడ్డ ఉంది. నేను రోజూ దణ్ణం పెట్టుకునే కుండీ కిందే ఆ బిడ్డకు ముప్పు పెంచుతున్నానని తెలిసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పళ్లెంలో నీళ్లు పారబోస్తే సరిపోదని అప్పుడే తెలిసింది. గుడ్లు పళ్లెం అంచుకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి. మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. అందుకే పళ్లేన్ని పీచుతో తోమాలి. కుండీలో మట్టి పైన గట్టిపడితే నీరు నిలుస్తుంది గనుక వారానికోసారి గుల్ల చేయాలి. బకెట్లు బోర్లించాలి, పూలు పెట్టిన గిన్నెలో నీళ్లు మార్చాలి. ఇప్పుడు మా ఇంట్లో పళ్లేలే లేవు. కుండీలను ఇటుకల మీద పెట్టి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తాం.

రెండో తప్పు కారిడార్‌లో చోటు గురించి. మొక్కలు బతకడం మొదలయ్యాక నాకు ఆశ పెరిగింది. కుండీలు ఇరవైకి చేరాయి. అగ్ని ప్రమాదం వస్తే మనుషులు దాటిపోవడానికి కారిడార్‌లో కనీసం 1.2 మీటర్ల దారి వదలాలని ఇక్కడ నిబంధన. పిట్టగోడ మీద కుండీ పెట్టడం అసలే కూడదు, కింద నడిచేవాళ్ల తల మీద పడితే ప్రాణం పోతుంది. నేను కంటితోనే కొలుచుకుని సరిపోతుందనుకున్నాను. మూడో ఇంట్లో ఉండే చైనా ఆంటీ కాలు జారి పడి చక్రాల కుర్చీకి మారారు. ఒక సాయంత్రం ఆవిడ కుర్చీ నా మిరప కుండీ దగ్గర ఆగిపోయింది. ఆవిడ ఒక్క మాట అనలేదు, తనే వంగి కుండీని జరపబోయారు. నేను పరుగెత్తి వెళ్లాను. మర్నాడు టేపు తెచ్చి కొలిచి, పదకొండు కుండీలు తీసేశాను. వాటిలో రెండు కరివేపాకు పిలకలు ఆంటీ ఇంటికి చేరాయి. ఆవిడ నాకు పాండన్ మొక్క ఇచ్చారు. ఆ ఆకు అన్నంలో ముడివేసి వండితే వచ్చే కమ్మటి వాసన మా ఇంటికి ఆవిడ నుంచే వచ్చింది.

కుండీలు చాలక నేల కావాలనుకునేవాళ్లకు ఇక్కడ దారులున్నాయి. నేషనల్ పార్క్స్ బోర్డు 2005లో కమ్యూనిటీ ఇన్ బ్లూమ్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. బ్లాకుల మధ్య, బడుల్లో ఇరుగుపొరుగు కలిసి పెంచే తోటలు దానివల్లే వచ్చాయి. పార్కుల్లో రెండున్నర మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న మళ్లు మూడేళ్లకు అద్దెకిస్తారు. 2020లో మహమ్మారి వచ్చి అందరం ఇళ్లలో ఉండిపోయినప్పుడు, అడిగిన నాలుగు లక్షలకు పైగా ఇళ్లకు కూరగాయల విత్తనాల పొట్లాలు ఉచితంగా పంపారు. తిండిలో తొంభై శాతానికి పైగా బయటి దేశాల నుంచి తెచ్చుకునే ఊరికి సరిహద్దులు మూతపడితే ఎలా ఉంటుందో అందరికీ అర్థమైన రోజులవి. అంతకు ముందు 1942 నుంచి 1945 దాకా జపాన్ ఆక్రమణలో ఇక్కడి జనం పెరళ్లలో కర్రపెండలం, చిలగడదుంప నాటుకుని బతికారు.

సింగపూర్ జాతీయ పుష్పం కూడా ఒక ఇంటి తోటలోదే. తంజోంగ్ పాగర్‌లో ఉండే ఆగ్నెస్ జోవాకిమ్ అనే ఆర్మీనియన్ మహిళ తన పెరట్లో రెండు రకాల ఆర్కిడ్‌లను సంకరపరచి కొత్త రకం పూయించింది. 1893లో బొటానిక్ గార్డెన్స్ అధిపతి హెన్రీ రిడ్లీ దాన్ని లోకానికి పరిచయం చేశాడు. 1981లో అది జాతీయ పుష్పమైంది. మన హైదరాబాద్‌లో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు తన ఇంటి పైకప్పు మీద పంట పండించి, మిద్దెతోట అనే మాటను ఎన్నో ఇళ్లకు చేర్చారు. ఆ మిద్దెకు ఆకాశమంతా ఉంది. మా కారిడార్‌కు ఏటవాలు ఎండే ఉంది. ఉన్న వెలుతురును గమనించి, దానికి తగిన మొక్క పెట్టుకోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే పని.

ఆదివారం సాయంత్రాలు తేక్కా జనంతో నిండిపోతుంది. వారమంతా భవనాలు కట్టిన కార్మికులు ఆ ఒక్కపూట అక్కడికి వస్తారు. మా బ్లాకు కింద గట్టు మీద కూర్చుని ఒకతను శ్రీకాకుళం యాసలో ఫోన్‌లో మాట్లాడడం విన్నాను. నారు పోశారా, మడికి నీళ్లు వచ్చాయా, గట్టు మీద కందులు మొలిచాయా అని ఒకటే ప్రశ్నలు. అతనికి ఇక్కడ ఒక కుండీ పెట్టుకునే చోటు కూడా ఉండదు. పొలాన్ని అంత దూరం నుంచి చెవితో కాస్తున్నాడు. ఆ మాటలు విన్నాక నా గుమ్మం ముందున్న తొమ్మిది కుండీలు ఎంత భాగ్యమో నాకు తెలిసింది.

మొదట చెప్పిన పెద్దాయన దగ్గరకు మళ్లీ వస్తాను. కిందటి ఉగాదికి మామిడాకులు కొనడానికి వెళుతూ, నేను పెంచిన గోంగూర చిన్న కట్ట ఒకటి పట్టుకెళ్లాను. ఆయన వాసన చూసి "పుళిచ్చకీరై!" అన్నారు. తన తల్లి వండేదని చెప్పి, కట్టను పక్కన విడిగా పెట్టుకున్నారు.

"మీరు అడిగారు కదా, కుండీ ఎందుకని," అన్నాను. "మీరిచ్చే కరివేపాకు పోపులోకి సరిపోతుంది. ఎండ ఇవాళ మా గుమ్మంలోకి వచ్చిందన్న సంగతి మాత్రం కుండీయే చెప్పింది."

ఆయన నవ్వి రెండు రెమ్మలు ఎక్కువ వేశారు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఒక్క బచ్చలి కాడతో మొదలుపెట్టండి. బజారులో కొన్న కట్టలోంచి ముదురు కాడ ఒకటి గుచ్చితే చాలు, నాటుకుంటుంది. నీళ్లు పోసేముందు వేలు దించి చూడండి. పళ్లెం తోమండి. పొరుగువారి దారి కొలవండి. మీ ఇంట్లో ఎండ ఏ నెలలో ఎటు నుంచి వస్తుందో గోడ మీద ఒక గీత గీసి పెట్టుకోండి. మా ఇంట్లో ఉగాదినాడు ముందు కుండీలు జరుపుతాం, తర్వాత పచ్చడి కలుపుతాం.